జాతీయ రహదారిపై ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్: ఏ మెషిన్, ఏ కనెక్షన్, ఏ అమరిక?

హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన కొంత స్థలమో, ఒక హోటలో ఉన్నవారికి ఎలక్ట్రిక్ కార్ల ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ పెట్టాలన్న ఆలోచన రావడం సహజం. బండ్లకు ఛార్జింగ్ ఇవ్వడం విద్యుత్ అమ్మకం కాదనీ, అది ఒక సేవ మాత్రమేననీ, దానికి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదనీ కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. కాబట్టి చిక్కు అనుమతుల దగ్గర కంటే ఎంపికల దగ్గరే ఎక్కువ. మెషిన్ అమ్మేవారు ముందుగా కిలోవాట్ల సంఖ్యతో మాట మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అది చివరికి తేలవలసిన సంఖ్య. వచ్చే కారు అక్కడ ఎంతసేపు ఆగుతుంది, ఒకేసారి ఎన్ని కార్లు ఆగుతాయి, ఆ ఊరి 11 కేవీ (11,000 వోల్టుల) విద్యుత్ లైను ఎంత బరువు మోయగలదు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే మెషిన్ ఏదో దానంతట అదే తేలుతుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణగా సూర్యాపేట పరిసరాలను తీసుకుంటున్నాను. రెండు నగరాల మధ్య దూరం సుమారు 270 కిలోమీటర్లు కాగా సూర్యాపేట దాదాపు సగం దారిలో ఉంటుంది, భోజనానికీ టీకీ ఎలాగూ అందరూ అక్కడే ఆగుతారు.

ఎక్కడ, రోడ్డుకు ఏ పక్కన

స్థలం విషయంలో సాధారణంగా మూడు ఎంపికలు ఎదురవుతాయి: నడుస్తున్న హోటల్ ఆవరణ, పెట్రోల్ బంకు, లేదా ఖాళీ స్థలంలో కొత్తగా కట్టే ప్రత్యేక స్టేషన్.

పెట్రోల్ బంకులో రోడ్డు నుంచి లోపలికి వచ్చే దారికి అనుమతి ముందే ఉంటుంది, రాత్రింబవళ్లు మనుషులు ఉంటారు, వెలుతురు ఉంటుంది. కానీ బంకు నిర్మాణమంతా కారును అయిదు నిమిషాల్లో పంపించేయడానికి ఉద్దేశించినది. అందులో అరగంటకు పైగా ఆగే కార్లకు చోటు చూపించాలంటే లారీల రాకపోకలకు అడ్డం రాకుండా ఒక మూల వెతకాలి. ఆ మూల డిస్పెన్సర్లు, భూగర్భ ట్యాంకులు, వాటి వెంట్ పైపుల చుట్టూ ఉండే ప్రమాద పరిధికి బయట ఉండాలి, ఆ మార్పుకు పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం కావాలి. ఖాళీ స్థలంలో కొత్తగా కడితే అమరిక మన చేతిలోనే ఉంటుంది. అయితే జాతీయ రహదారి నుంచి దారి తీసుకోవడానికి ఎన్‌హెచ్‌ఏఐ అనుమతి, మరుగుదొడ్లు, నీళ్లు, కాపలా అన్నీ మొదటి నుంచి సమకూర్చుకోవాలి. తినడానికి ఏమీ లేని చోట నలభై నిమిషాలు కూర్చోమంటే కుటుంబంతో వచ్చినవారు రెండోసారి రారు.

అందుచేత మంచి హోటల్ ఆవరణకే నేను మొదటి స్థానం ఇస్తాను. అందులోనూ ఒక మెళకువ ఉంది. యజమానులు గౌరవంగా భావించి ఛార్జర్‌ను హోటల్ ముఖద్వారం పక్కనే పెట్టిస్తారు, ద్వారానికి దగ్గరగా ఉన్న స్లాట్లలో ముందుగా పెట్రోల్, డీజిల్ కార్లే వచ్చి నిలబడతాయి. వాటిని కదిలించమని అడగడం కాపలాదారుకు రోజూ ఒక తగవు. ఛార్జింగ్ స్లాట్లను ద్వారానికి కాస్త దూరంగా, అయితే భోజనశాల కిటికీలోంచి కనిపించేలా, ట్రాన్స్‌ఫార్మర్ వైపున పెట్టడం మేలు. నడక ఇరవై అడుగులు పెరిగినా తగవు తగ్గుతుంది, కేబుల్ ఖర్చూ తగ్గుతుంది.

రోడ్డుకు ఏ పక్క అన్న ప్రశ్నను చాలామంది అసలు వేసుకోరు. 2022 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకాలు జాతీయ రహదారుల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు పక్కలా స్టేషన్ ఉండాలని కోరాయి, కానీ మన దగ్గర ఉన్నది ఒక పక్క స్థలమే అయినప్పుడు ఆ పక్క ఎటువంటిదో తెలుసుకోవాలి. హైదరాబాద్ నుంచి బయలుదేరే కారు చాలావరకు ఇంటి దగ్గర రాత్రంతా ఛార్జ్ అయి నిండుగా వస్తుంది. సూర్యాపేట చేరేసరికి బ్యాటరీలో ఇంకా గణనీయమైన భాగం మిగిలి ఉంటుంది. తిరుగు ప్రయాణం అలా ఉండదు. బంధువుల ఇంట్లో దొరికేది మహా అయితే గీజరు కోసం పెట్టిన 15 ఆంపియర్ల ప్లగ్గు, దాని నుంచి గంటకు మూడు యూనిట్ల చొప్పున రాత్రంతా ఎక్కించినా ముప్పై యూనిట్లు దాటదు. అదీ దొరకనివారు సగం బ్యాటరీతోనే బయలుదేరతారు. పైగా విజయవాడ సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల ఎత్తున, హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మనుషులతో కలిపి 1,700 కిలోల బరువున్న కారు ఆ ఎత్తు ఎక్కడానికే దాదాపు రెండున్నర యూనిట్లు అదనంగా కావాలి. కాబట్టి రెండు పక్కలా స్థలం దొరికితే హైదరాబాద్ వైపు వెళ్లే పక్కన గన్‌లు (కారుకు తగిలించే ఛార్జింగ్ పిడులు) ఎక్కువ, విజయవాడ వైపు వెళ్లే పక్కన తక్కువ పెట్టడం సమంజసం.

ఖమ్మం, కృష్ణా పరీవాహక వాగుల దగ్గర స్థలం ఉన్నవారు నేల ఎత్తును కూడా చూసుకోవాలి. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ నందిగామ సమీపంలోని ఐతవరం దగ్గర మున్నేరు వాగు నీరు రోడ్డెక్కి వాహనాల రాకపోకలే ఆగిపోయాయి. అటువంటి చోట మెషిన్ కింద వేసే ఆర్‌సీసీ దిమ్మె ఎత్తును మామూలు అడుగు లెక్కతో కాక, చుట్టుపక్కల గోడల మీది వరద మరకను చూసి నిర్ణయించుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకూ, మీటరు పెట్టెకూ అదే నియమం వర్తిస్తుంది.

30, 60, 120, 240: ఈ సంఖ్యల వెనుక ఉన్నదేమిటి

మన దేశంలో ఇప్పుడు అమ్ముడవుతున్న కార్లలో ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్నవాటికి దాదాపుగా సీసీఎస్-2 అనే ప్రమాణపు గన్ సరిపోతుంది. 2018 ప్రాంతంలో పెట్టిన 15 కిలోవాట్ల భారత్ డీసీ-001 మెషిన్లు ఆనాటి ఈ-వెరిటో, తొలి టిగోర్ ఈవీల వంటి తక్కువ వోల్టేజి కార్ల కోసం ఉద్దేశించినవి. కొత్తగా పెట్టేవారు వాటి జోలికి పోనక్కర్లేదు. గన్ ఒకటే కాబట్టి తేడా అంతా శక్తిలోనే ఉంటుంది.

మెషిన్ ఎంత ఇవ్వగలదన్నది ఒక ఎత్తు, కారు ఎంత తీసుకుంటుందన్నది మరొక ఎత్తు. 38 కిలోవాట్ అవర్ (అంటే 38 యూనిట్ల) బ్యాటరీ ఉన్న ఎంజీ విండ్సర్ గరిష్ఠంగా 45 కిలోవాట్లు తీసుకుంటుంది. 40.5 కిలోవాట్ అవర్ నెక్సాన్ ఈవీ కూడా యాభైకి అటూ ఇటూగానే ఆగుతుంది. అలాంటి కారును 240 కిలోవాట్ల మెషిన్‌కు తగిలించడం, మూతి సన్నగా ఉన్న బిందెను పెద్ద కుళాయి కింద పెట్టడమే. మరోవైపు మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీ మోడల్ 175 కిలోవాట్ల మెషిన్ దగ్గర 20 శాతం నుంచి 80 శాతానికి 20 నిమిషాల్లో చేరుతుందని కంపెనీ చెబుతోంది. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 800 వోల్టుల నిర్మాణం ఉన్న కార్లు, అవి 350 కిలోవాట్ల మెషిన్ల కోసం తయారైనవి. ఏ కారైనా 80 శాతం దాటాక వేగాన్ని బాగా తగ్గించుకుంటుంది కనుక లెక్కలన్నీ 20 నుంచి 80 శాతం వరకే వేయడం న్యాయం.

ఇంకొక పరిమితి గన్ కేబుల్‌లో ఉంది. గాలితో చల్లబడే మామూలు కేబుళ్లు చాలావరకు 200 ఆంపియర్ల స్థాయివి. 350 వోల్టుల బ్యాటరీకి 200 ఆంపియర్లు పంపితే అందేది 70 కిలోవాట్లు. అదే 650 వోల్టుల బ్యాటరీ అయితే 130 కిలోవాట్లు అందుతాయి. మెషిన్ మీద 120 అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి కారుకూ 120 వెళ్లదు. కొనే ముందు కిలోవాట్లతో పాటు ఒక్కో గన్‌కు గరిష్ఠ ఆంపియర్లు ఎన్ని అని రాతపూర్వకంగా అడగాలి. ద్రవంతో చల్లబరిచే కేబుళ్లు 500 ఆంపియర్ల దాకా మోస్తాయి గానీ వాటి ధర, మరమ్మతు భారం రెండూ ఎక్కువే.

ఇప్పుడు గంటకు ఎన్ని కార్లు పంపించగలమో లెక్కిద్దాం. 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ కారుకు 20 నుంచి 80 శాతానికి కావలసింది 24 యూనిట్లు. అది సగటున 40 కిలోవాట్ల చొప్పున తీసుకుంటే 36 నిమిషాలు, కారు మారడానికి మరో అయిదు నిమిషాలు. ఒకే గన్ ఉన్న 60 కిలోవాట్ల మెషిన్ ఈ లెక్కన గంటకు ఒకటిన్నర కార్లను పంపుతుంది. అదే 60 కిలోవాట్లను రెండు గన్‌లకు 30 చొప్పున పంచితే ఒక్కో కారుకు 48 నిమిషాలు పట్టినా, గంటకు రెండుంపావు కార్లు వెళ్తాయి. రెండు గన్‌ల 120 కిలోవాట్ల మెషిన్ దాదాపు మూడు కార్లను పంపుతుంది. రెండు గన్‌ల 240 కిలోవాట్ల మెషిన్, ఇవే కార్లతో, అంతే పంపుతుంది. దాని అదనపు శక్తి పెద్ద బ్యాటరీ కారు వచ్చిన రోజున మాత్రమే ఫలితం ఇస్తుంది. 79 కిలోవాట్ అవర్ బ్యాటరీకి కావలసిన 47 యూనిట్లను 60 కిలోవాట్ల దగ్గర ఎక్కించాలంటే ముప్పావు గంట దాటుతుంది, 120 నిజంగా ఒకే గన్ నుంచి అందితే పాతిక నిమిషాలకు అటూ ఇటూ సరిపోతుంది.

ఈ లెక్క నుంచి నా ఎంపిక ఇలా తేలింది. హోటల్‌లో సగటున నలభై నిమిషాలు ఆగే చోట రెండు గన్‌ల 120 కిలోవాట్ల మెషిన్ ఈనాటి అవసరానికి సరైన కొలత. పట్టణం లోపల, సినిమా హాలు, షాపింగ్ మాల్ వంటి చోట్ల రెండు గంటలు ఆగే కార్లకు 30 కిలోవాట్ల మెషిన్లు రెండు, వాటితో పాటు నెమ్మదిగా ఎక్కించే 7.4 కిలోవాట్ల ఏసీ ఛార్జర్లు కొన్ని చాలు. 240 కిలోవాట్ల మెషిన్ మీద మొదటి రోజే డబ్బు పెట్టడానికి తగిన సందర్భాలు రెండే: ఎదురుగా ఇప్పటికే 120 కిలోవాట్ల పోటీదారు ఉండటం, లేదా ఎలక్ట్రిక్ బస్సులో, లారీలో వస్తాయని ముందే ఒప్పందం కుదరడం.

రెండు గన్‌ల మెషిన్ కొనేటప్పుడు శక్తిని పంచే పద్ధతిని తప్పక అడగాలి. కొన్ని మెషిన్లు రెండో కారు రాగానే ఇద్దరికీ చెరి సగం ఇచ్చి ఊరుకుంటాయి. మేలైనవి లోపల ఏసీ విద్యుత్తును డీసీగా మార్చే 30 కిలోవాట్ల మాడ్యూళ్లను అవసరాన్ని బట్టి ఒక గన్ నుంచి మరో గన్‌కు మారుస్తాయి. మొదటి కారు 80 శాతం దాటి 25 కిలోవాట్లకు పడిపోయినప్పుడు మిగిలినదంతా రెండో కారుకు వెళ్తే వరుస త్వరగా కదులుతుంది.

ఒకే పెట్టెలోనా, విడివిడిగానా

మార్పిడి పరికరాలు, తెర, గన్‌లు అన్నీ ఒకే పెట్టెలో ఉండే మెషిన్ ఒక రకం. ఒక మూలన పెద్ద పవర్ క్యాబినెట్, కార్ల దగ్గర సన్నని డిస్పెన్సర్లు ఉండేది మరో రకం. రెండో పద్ధతిలో ఒకే క్యాబినెట్ శక్తిని నాలుగైదు గన్‌ల మధ్య స్వేచ్ఛగా పంచవచ్చు, ఫ్యాన్ల హోరు భోజనశాలకు దూరంగా ఉంటుంది, స్లాట్ల మధ్య స్థలం కలిసివస్తుంది. కానీ క్యాబినెట్ మొరాయిస్తే గన్‌లన్నీ ఒకేసారి మూగబోతాయి, తరువాత గన్‌లు పెంచాలన్నా అదే తయారీదారు దగ్గరకే వెళ్లాలి.

ఆరు గన్‌లకు పైబడిన స్టేషన్‌కు విడి క్యాబినెట్ పద్ధతే తగినదని చెప్పవచ్చు. అంతకు లోపు అయితే ఒకే పెట్టెలో ఉండే 120 కిలోవాట్ల మెషిన్లు రెండు, ఒక 240 కిలోవాట్ల మెషిన్ కంటే ఎన్నో రెట్లు నయం. ఒకటి పాడైన రోజున రెండోది పనిచేస్తూ ఉంటుంది. యాప్‌లో ఛార్జర్ ఉందని చూసి వంద కిలోమీటర్లు వచ్చిన మనిషికి పనిచేయని మెషిన్ చూపించిన స్టేషన్ పేరు ఎంత త్వరగా పాడవుతుందో ఎలక్ట్రిక్ కారు నడిపేవారి వాట్సాప్ గ్రూపులు చూసినవారికి తెలుసు.

మన ఎండను కూడా ఈ ఎంపికలో కలపాలి. నల్గొండ, సూర్యాపేట ప్రాంతాల్లో మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీలు చూస్తుంటాం. నేరుగా ఎండ పడే ఇనుప పెట్టె లోపల వేడి ఇంకా ఎక్కువ. వేడి ఒక హద్దు దాటగానే మాడ్యూళ్లు తమను తాము కాపాడుకోవడానికి శక్తిని తగ్గించుకుంటాయి. కాబట్టి ఏ ఉష్ణోగ్రత దాకా పూర్తి సామర్థ్యం ఇస్తుంది, ఆ తరువాత ఎంతకు తగ్గుతుంది అన్న రెండు సంఖ్యలను కొటేషన్‌లో రాయించుకోవాలి. పైకప్పు అలంకారం కాదు, మెషిన్ సామర్థ్యంలో భాగం. ఎండలో తెర మీది అక్షరాలు కనబడక, గన్ పిడి పట్టుకోలేనంత కాలి అవస్థపడేవారికీ ఆ నీడే దిక్కు. గాలి ఫిల్టర్లను లారీల దుమ్ము లేచే చోట నెలకోసారైనా శుభ్రం చేయించాలి.

ఎల్‌టీ కనెక్షన్, హెచ్‌టీ కనెక్షన్

డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది, ఆలస్యమయ్యేది ఇక్కడే. 120 కిలోవాట్ల మెషిన్ 95 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే అది లైను నుంచి తీసుకునేది 126 కిలోవాట్లు, 415 వోల్టుల దగ్గర దాదాపు 180 ఆంపియర్లు. ఊళ్లో అందరికీ ఉన్న 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇది నడవదు. 11 కేవీ లైను నుంచి స్టేషన్‌కే ప్రత్యేకంగా 160 లేదా 200 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

కాంట్రాక్టెడ్ లోడ్, అంటే ఒప్పందంలో రాయించుకునే గరిష్ఠ లోడ్, ఒక పరిమితికి లోబడితే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఎల్‌టీ, అంటే 415 వోల్టుల లో టెన్షన్ కనెక్షన్ ఇస్తుంది. ఆ పరిమితి దాటితే హెచ్‌టీ, అంటే 11 కేవీ హై టెన్షన్ కనెక్షన్ తీసుకోవాలి. కోదాడ దాకా తెలంగాణ దక్షిణ డిస్కం, జగ్గయ్యపేట నుంచి ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత డిస్కం పరిధులు కాబట్టి ఒకే రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల తేడాతో నియమాలు, ధరలు మారతాయి. ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ఆ సంవత్సరానికి ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వులో ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కు ఉన్న ప్రత్యేక కేటగిరీని చదివిన తరువాతే లోడ్ నిర్ణయించుకోవాలి. హోటల్‌కు ఉన్న వాణిజ్య కనెక్షన్ మీదనే ఛార్జర్ నడిపితే ఆ ప్రత్యేక ధర దక్కదు, కనుక విడి మీటరు తప్పనిసరి అనుకోవాలి.

ఎల్‌టీ కనెక్షన్‌లో పని త్వరగా పూర్తవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ సంరక్షణ సాధారణంగా డిస్కం బాధ్యతగా ఉంటుంది. హెచ్‌టీ అయితే ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్, మీటరింగ్ క్యూబికల్, కంచె, ఎర్త్ పిట్‌లు అన్నీ మన ఖర్చుతో కట్టి, విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం పొంది, ఆపై ఏటా నూనె పరీక్షలు, సంరక్షణ కూడా చూసుకోవాలి. అయినా రెండో 120 కిలోవాట్ల మెషిన్ రెండేళ్లలో పెట్టే ఉద్దేశం ఉన్నవారు మొదటే హెచ్‌టీకి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కూ 160 కేవీఏకూ మధ్య ధరలో ఉన్న తేడా, ఉన్నదాన్ని పీకి కొత్తది పెట్టడానికయ్యే ఖర్చు కంటే, అప్పుడు స్టేషన్ మూతపడే రోజుల నష్టం కంటే చిన్నది.

లోడ్‌ను ఎంతకు రాయించుకోవాలన్నది మరో ప్రశ్న. టారిఫ్‌లో కిలోవాట్‌కు ఇంత అని నెలవారీ స్థిర ఛార్జీ ఉంటే, అమ్మకం తక్కువగా ఉండే మొదటి సంవత్సరంలో అదే పెద్ద భారం. ఊహకు నెలకు కిలోవాట్‌కు 100 రూపాయలు అనుకుందాం. 120 కిలోవాట్లకు 12,000 అవుతుంది. నెలకు 3,000 యూనిట్లే అమ్మితే యూనిట్‌కు నాలుగు రూపాయలు దానికే పోతాయి, 12,000 యూనిట్లు అమ్మితే ఒక్క రూపాయే. అందువల్ల రెండు 120 కిలోవాట్ల మెషిన్లు పెట్టినా సాఫ్ట్‌వేర్‌తో మొత్తం లోడ్‌ను 160 కిలోవాట్లకు కట్టడి చేసి, అమ్మకం పెరిగాక పెంచుకోవడం తెలివైన పద్ధతి. ఇందుకు మెషిన్లు, నిర్వాహక సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడుకునే ఓసీపీపీ ప్రమాణం ద్వారా లోడ్ పరిమితిని స్వీకరించగలగాలి.

కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు 17న ఇచ్చిన మార్గదర్శకాలు, 2028 మార్చి ఆఖరు దాకా ఒకే భాగం ఉన్న (స్థిర ఛార్జీ లేకుండా యూనిట్ల మీదే లెక్కించే) టారిఫ్‌ను సూచిస్తూ, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా వ్యయానికి 0.7 రెట్లు, మిగతా వేళల్లో 1.3 రెట్లు ధర ఉండాలని చెప్పాయి. రాష్ట్ర ఈఆర్‌సీ ఉత్తర్వులలో ఇది ఏ మేరకు చేరిందో చూసుకుని కారు యజమానుల దగ్గర తీసుకునే ధరను కూడా వేళను బట్టి రెండుగా పెట్టవచ్చు. ఆ ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుందన్న సంగతి మరిచి బోర్డు రాయించకూడదు. మెషిన్ కొనుగోలు మీద మాత్రం 2019 ఆగస్టు నుంచి 5 శాతమే.

ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైను గురించి ఒక మాట. గ్రామాల్లో మన పొలం పక్కగా వెళ్లే 11 కేవీ లైను వ్యవసాయ ఫీడర్ అయి ఉండవచ్చు. దాని మీద సరఫరా వేళలు, వోల్టేజి వేరుగా ఉంటాయి. సబ్‌స్టేషన్‌కు వెళ్లి ఆ లైను ఏ ఫీడర్‌దో, గత వేసవిలో ఎన్ని అంతరాయాలు నమోదయ్యాయో లాగ్ పుస్తకంలో చూపించమని అసిస్టెంట్ ఇంజినీరును (ఏఈని) అడగడం, మెషిన్ షోరూమ్ చూడటం కంటే ముందు జరగాలి.

స్లాట్ల అమరిక

కాగితం మీద అందంగా కనిపించి నేల మీద విఫలమయ్యేది ఈ భాగమే. కారణం, ఛార్జింగ్ మూత అన్ని కార్లకూ ఒకే చోట ఉండదు. ఎంజీ జెడ్‌ఎస్ ఈవీకీ, పంచ్ ఈవీకీ, క్రెటా ఎలక్ట్రిక్‌కూ ముక్కు దగ్గర ఉంటుంది. నెక్సాన్, టియాగో ఈవీలకు పెట్రోల్ మూత ఉండే చోట, వెనుక పక్కన ఉంటుంది. అయానిక్ 5, ఈవీ6లకు వెనుక కుడి వైపు. గన్ కేబుల్ పొడవు సాధారణంగా నాలుగైదు మీటర్లు మాత్రమే.

గోడకు లంబంగా ఉండే స్లాట్లు, వాటి తల దగ్గర రెండేసి స్లాట్ల మధ్య ఒక మెషిన్ ఉండే అమరిక ఈ వైవిధ్యాన్ని సులువుగా తట్టుకుంటుంది. ముందు మూత ఉన్న కారు నేరుగా వస్తుంది, వెనుక మూత ఉన్నది రివర్స్‌లో వస్తుంది, కేబుల్ రెండింటికీ అందుతుంది. స్లాట్ వెడల్పు మామూలు రెండున్నర మీటర్లు కాక మూడు మీటర్లు ఉంచాలి. గన్ బరువైనది, కేబుల్ మొండిది, తలుపు తీసి ఉన్న కారు పక్కన వాటిని పట్టుకుని తిరగడానికి చోటు కావాలి. చక్రాల కుర్చీ వాడేవారి కోసం కనీసం ఒక స్లాట్‌నైనా 3.6 మీటర్లకు తగ్గకుండా, మెషిన్ దిమ్మె మీదకు ఎక్కనక్కర్లేకుండా గన్ అందేలా చేయాలి. ఆ వెడల్పాటి స్లాటుతో కలిపి ఆరు స్లాట్లకు 18.6 మీటర్ల ముఖం, స్లాటు లోతు అయిదున్నర, ఎదురుగా తిరగడానికి ఏడు మీటర్లు కలిపి దాదాపు 233 చదరపు మీటర్లు, అంటే సుమారు 280 గజాలు సరిపోతాయి.

ఏటవాలు స్లాట్లు లోపలికి రావడానికి సులువే. కానీ వాటిలోకి ఒక దిశలోనే రావడం కుదురుతుంది, కాబట్టి వెనుక మూత ఉన్న కార్లకు కేబుల్ అందదు. హోటళ్లలో ఉన్న ఏటవాలు గీతలను అలాగే ఉంచి ఛార్జర్ పెట్టడం కంటే గీతలు చెరిపి కొత్తగా గీయించడం చవక. బంకు తరహాలో ఇటు నుంచి వచ్చి అటు వెళ్లిపోయే అమరిక పెద్ద వాహనాలకు అనువైనది, అయితే అదే సంఖ్య కార్లకు దాదాపు రెట్టింపు స్థలం తింటుంది. స్థలం ఉంటే ఒక చివర అలాంటి స్లాటు ఒక్కటి ఉంచుకోవడం మంచిది. మినీబస్సులకూ, చిన్న సరుకు వాహనాలకూ అది పనికివస్తుంది.

మెషిన్ ముందు ఇనుప గుంజలు పాతడం అవసరమే గానీ గన్ తీసే చేతికి అడ్డం రాకూడదు. క్యాబినెట్ గాలి పీల్చే, వదిలే వైపులలో మీటరు ఖాళీ ఉండాలి. ఒక మెషిన్ వదిలే వేడిగాలి పక్క మెషిన్ పీల్చే వైపుకు పోయేలా వాటిని వీపులు కలిపి నిలబెట్టడం తరచుగా జరిగే పొరపాటు. నేల కింద మాత్రం పిసినారితనం పనికిరాదు. కందకం తవ్వినప్పుడే ఇప్పుడు కావలసిన పైపుతో పాటు మరో రెండు ఖాళీ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులు, భవిష్యత్తులో పెట్టబోయే మెషిన్లకు దిమ్మెలు వేసి ఉంచితే, రెండో విడతలో కాంక్రీటు పగలగొట్టనక్కర్లేదు.

సంక్రాంతి కోసం స్టేషన్‌ను పెద్దగా కట్టాలా అని అడిగేవారున్నారు. ఆ నాలుగు రోజులు పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దగ్గర బారులు తీరే బండ్లను చూస్తే ఆశ పుట్టడం సహజమే. కానీ ఏడాదిలో వారం రోజుల రద్దీ కోసం రెట్టింపు ట్రాన్స్‌ఫార్మర్ మోయడం లాభం కాదు. అందుకు బదులు, ఛార్జ్ అయ్యే కార్ల వెనుక మరో నాలుగైదు కార్లు రోడ్డు మీదకు రాకుండా వరుసలో నిలిచే చోటు వదలాలి. ఆ రోజుల్లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే నిబంధనను బోర్డు మీద రాసి అమలు చేస్తే అదే స్టేషన్ ఎక్కువ కార్లకు అందుతుంది.

సోలార్ పైకప్పు, బ్యాటరీ నిల్వ

ఆరు స్లాట్ల పైకప్పు మీద సుమారు 15 కిలోవాట్ల పలకలు పడతాయి, మన ఎండకు రోజుకు అరవై యూనిట్ల దాకా ఇస్తాయి. అది రెండు, మూడు కార్లకు చాలు. నీడ ఎలాగూ కావాలి కనుక పలకలతోనే నీడ వేయడం తప్పు కాదు, అయితే స్టేషన్ మొత్తం ఎండతో నడుస్తుందన్న మాటను నమ్మకూడదు. పెద్ద బ్యాటరీ నిల్వ, 11 కేవీ లైనులో అదనపు సామర్థ్యం లేదని డిస్కం తేల్చి చెప్పిన చోట తప్ప, ఇప్పుడు రెండు గన్‌ల స్టేషన్‌కు గిట్టుబాటు కాదు.

ఆర్డరు పెట్టే వరుస

మెషిన్ ముందు కొని, తరువాత కనెక్షన్‌కు దరఖాస్తు చేసేవారు అనవసరంగా నష్టపోతారు. ముందు డిస్కం నుంచి సాధ్యాసాధ్యాల నివేదిక, ఎస్టిమేట్, తరువాత సివిల్ పని, ఆ తరువాతే మెషిన్. హెచ్‌టీ పనులకు నెలలు పట్టవచ్చు. ఆ లోగా పెట్టెలో మూసి ఉన్న మెషిన్‌కు వారంటీ కరిగిపోతుంది. అందుకే వారంటీ సరఫరా తేదీ నుంచి కాక, మొదటి కారుకు ఛార్జింగ్ ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతుందని కొనుగోలు ఒప్పందంలో రాయించాలి. అదే ఒప్పందంలో మరమ్మతు చేసే మనిషి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఫిర్యాదు అందిన 24 గంటల్లో రావాలనీ, ఒక 30 కిలోవాట్ల మాడ్యూలు, ఒక గన్ కేబుల్ మన దగ్గరే నిల్వ ఉండాలనీ, ఇంటర్నెట్ కోసం రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టే వీలుండాలనీ, నిర్వాహక సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోవాలనుకుంటే మెషిన్‌కు వేసిన సాఫ్ట్‌వేర్ లాక్ తీసి ఇవ్వాలనీ చేర్చాలి. ధరలో రెండు మూడు శాతం తగ్గింపు కోసం ఈ షరతులలో ఏది వదులుకున్నా అది చౌక బేరం కాదు.